‘నువ్వెళ్లు’ అనే పిలుపు కోసం...

2018 సెప్టెంబర్ చివరి వారం. అమెరికాలోని సౌత్ కరోలినాలో ఉన్న క్లెమ్సన్ యూనివర్సిటీ. ఫుట్‌బాల్ సీజన్‌లో నాలుగు మ్యాచ్‌లు ఆడారు, నాలుగూ గెలిచారు. అంతా సాఫీగా ఉన్నట్టే కనిపిస్తోంది. అప్పుడు కోచ్ డాబో స్వీనీ ఒక నిర్ణయం ప్రకటించాడు. ముందు ఏడాది జట్టును ప్లేఆఫ్ దాకా తీసుకెళ్లిన సీనియర్ క్వార్టర్‌బ్యాక్ కెల్లీ బ్రయంట్‌ని పక్కన పెట్టి, ఆ ఏడాదే హైస్కూల్ నుంచి వచ్చిన ట్రెవర్ లారెన్స్‌కి ఫస్ట్ ప్లేస్ ఇచ్చాడు. బ్రయంట్ జట్టు వదిలేసి వెళ్లిపోయాడు.

ఆ శనివారం సిరక్యూస్‌తో మ్యాచ్. రెండో క్వార్టర్‌లో లారెన్స్‌కి దెబ్బ తగిలింది. ఇక ఆ రోజు ఆడే పరిస్థితి లేదు. ఒకడు అలిగి వెళ్లాడు, ఒకడు దెబ్బతిని కూర్చున్నాడు. అంతకుముందే మరో ఇద్దరు క్వార్టర్‌బ్యాక్‌లు వేరే కాలేజీలకు మారిపోయారు. ఇంక మిగిలింది చేజ్ బ్రైస్. వారం కిందటి దాకా వరసలో మూడోవాడు. స్టేడియంలో ఎనభై వేల మంది.

నాలుగో క్వార్టర్‌లోకి వచ్చేసరికి క్లెమ్సన్ పది పాయింట్లు వెనకబడి ఉంది. మొదట ఆ తేడా మూడుకి తగ్గింది. తర్వాత తమ గోల్ లైన్ దగ్గర నుంచి మొదలుపెట్టి 94 గజాలు ముందుకు వెళ్లాలి. మధ్యలో ఒక చోట ఆఖరి ఛాన్స్ మిగిలింది, ఆరు గజాలు రాకపోతే బంతి సిరక్యూస్‌కి పోతుంది. బ్రైస్ పాస్ విసిరాడు. టీ హిగ్గిన్స్ పట్టుకున్నాడు. 20 గజాలు వచ్చాయి. చివరికి 41 సెకన్లు మిగిలి ఉండగా టచ్‌డౌన్. 27-23.

క్లెమ్సన్ ఆ సీజన్‌లో 15కి 15 గెలిచి, ఫైనల్లో అలబామాని 44-16తో ఓడించి జాతీయ చాంపియన్ అయింది. ఆ ఫైనల్ హీరో లారెన్స్. కానీ ఆ సెప్టెంబర్ శనివారం బ్రైస్ చేతులెత్తేసి ఉంటే, ఆ 15-0 అనే అంకె ఉండేదే కాదు.

ఇక్కడే అసలు ప్రశ్న. ఎప్పుడు పిలుస్తారో తెలియదు, అసలు పిలుస్తారో లేదో కూడా తెలియదు. అలాంటి కుర్రాడిని ఒక కోచ్ ఎలా తయారుచేస్తాడు? ఆ కుర్రాడు ఎందుకు ఆగుతాడు?

కీపర్ పోస్టు లాంటిది

ఫుట్‌బాల్ అనగానే మెస్సీ గుర్తొచ్చినవాళ్లకి ఒక్క మాట. ఇది కోడిగుడ్డు ఆకారపు బంతితో, హెల్మెట్లు పెట్టుకుని ఆడే అమెరికన్ ఫుట్‌బాల్. పదకొండు మంది అటు, పదకొండు మంది ఇటు. ప్రతి ప్లే మొదలవగానే బంతి క్వార్టర్‌బ్యాక్ చేతికి వస్తుంది. అవతలి జట్టు ఎలా నిలబడిందో చూసి ప్లాన్ మార్చాలా వద్దా అన్నది ఆ ముందే తేల్చుకోవాలి. బంతి వచ్చాక మూడు సెకన్లలోపు, 130 కిలోల మనుషులు మీదికి దూకుతుంటే, ఎవరికి విసరాలో నిర్ణయించుకోవాలి. కెప్టెన్ బుర్ర, బౌలర్ చెయ్యి రెండూ ఒకడికే ఉండాలి.

మిగతా స్థానాల్లో ఆటగాళ్లు మారుతూ ఉంటారు, రెండోవాడికీ మూడోవాడికీ ఎంతో కొంత ఆట దొరుకుతుంది. క్వార్టర్‌బ్యాక్ మాత్రం ఒక్కడే. క్రికెట్లో వికెట్ కీపర్ లాగా అన్నమాట. మన విశాఖ కుర్రాడు కె.ఎస్. భరత్‌నే తీసుకోండి. 2021 నవంబర్‌లో కాన్పూర్ టెస్టులో సాహాకి మెడ పట్టేస్తే సబ్‌స్టిట్యూట్‌గా వచ్చి కీపింగ్ చేశాడు. టెస్ట్ క్యాప్ చేతికి రావడానికి మాత్రం 2023 ఫిబ్రవరి, నాగ్‌పూర్ దాకా ఆగాల్సొచ్చింది. అయినా భరత్‌కి ఆ మధ్యలో ఆడుకోవడానికి రంజీ ఉంది, ఇండియా-ఎ ఉంది. కాలేజీ బ్యాకప్ క్వార్టర్‌బ్యాక్‌కి అవేవీ లేవు. శనివారం ఆడితే ఆడినట్టు, లేకపోతే లేదు.

ఆడకుండా నేర్చుకోవడం ఎలా?

సీజన్లో కాలేజీ ఆటగాళ్లకి వారానికి 20 గంటలకు మించి తప్పనిసరి ప్రాక్టీస్ పెట్టకూడదని రూల్. అందులో మీటింగులు, జిమ్ము, వీడియోలు అన్నీ కలిసే ఉంటాయి. గ్రౌండులో మిగిలేది తక్కువ. ప్రాక్టీస్‌లో ఒక ప్లే ఆడే అవకాశాన్ని ‘రెప్’ అంటారు. ఈ రెప్పుల్లో సింహభాగం ఫస్ట్ క్వార్టర్‌బ్యాక్‌కే పోతుంది, పోవాలి కూడా, శనివారం ఆడేది అతనే కాబట్టి. రెండోవాడికి మిగిలేది చిల్లర.

కొత్తగా వచ్చిన కుర్రాళ్ల పరిస్థితి ఇంకా విచిత్రం. వాళ్లని స్కౌట్ టీమ్‌లో పెడతారు. అంటే ఆ వారం ఎదురయ్యే ప్రత్యర్థి జట్టులా నటించే టీమ్. ఈ వారం ఒకడి స్టైల్లో, వచ్చే వారం ఇంకొకడి స్టైల్లో ఆడాలి. తమ డిఫెన్స్‌కి ప్రాక్టీస్ ఇవ్వడమే పని. సొంత జట్టు ప్లేలు ఆడే ఛాన్స్ తక్కువ. పైకి చూస్తే టైమ్ వేస్ట్ అనిపిస్తుంది. కానీ వారం వారం దేశంలోని మంచి డిఫెన్స్‌లలో ఒకదాని మీద పాసులు విసరడం చిన్న విషయం కాదు. అక్కడ ఒళ్లు దాచుకోకుండా ఆడినవాడు కోచ్ కంట్లో పడతాడు.

మిగతాది బుర్రతో చేసే పని. ఫస్ట్ టీమ్ ప్లే ఆడుతుంటే బ్యాకప్ వెనకాల నిలబడి, బంతి తన చేతిలోనే ఉన్నట్టు అడుగులు వేస్తాడు. కళ్లతో మొదటి రిసీవర్, రెండోవాడు, మూడోవాడు అని చూసుకుంటాడు. దీన్ని ‘మెంటల్ రెప్’ అంటారు. ఎగతాళిగా అనిపించొచ్చు గానీ, డ్రైవింగ్ నేర్చుకునేవాడు పక్క సీట్లో కూర్చుని కాలితో బ్రేక్ తొక్కుతుంటాడు చూడండి, అలాంటిదే.

సైడ్‌లైన్ దగ్గర చేతులు ఊపుతూ వింత సైగలు చేసే కుర్రాళ్లని ఎప్పుడైనా టీవీలో చూశారా? వాళ్లలో చాలామంది బ్యాకప్ క్వార్టర్‌బ్యాక్‌లే. కోచ్ చెప్పిన ప్లేని సైగల్లో లోపలికి పంపడం వాళ్ల డ్యూటీ. 2024 నుంచి పెద్ద కాలేజీ జట్లకి హెల్మెట్‌లో స్పీకర్ వచ్చింది, ప్లే క్లాక్ 15 సెకన్లకి రాగానే అది కట్ అయిపోతుంది. అంతకుముందు అన్నేళ్లూ ఈ సైగల పనే బ్యాకప్‌కి ట్యూషన్. వందల ప్లేలు నోటికి రాకపోతే సైగ చెయ్యలేడు మరి.

ఇప్పుడు వీఆర్ కూడా వచ్చింది. స్టాన్‌ఫర్డ్‌లో 2014లోనే క్వార్టర్‌బ్యాక్‌లకి హెడ్‌సెట్లు పెట్టి ప్లేలు చూపించారు. 2023లో ఎల్‌ఎస్‌యూ స్టార్ జేడెన్ డేనియల్స్ అసలు ఆట కంటే ఎక్కువ స్పీడులో ప్లేలు నడిపించుకుని వీఆర్‌లో ప్రాక్టీస్ చేశాడు. ఆ ఏడాది హైస్‌మన్ ట్రోఫీ, అంటే దేశంలో బెస్ట్ కాలేజీ ప్లేయర్ అవార్డు, అతనికే దక్కింది. అతను బ్యాకప్ కాదు గానీ, ఈ టెక్నాలజీ నిజంగా పనికొచ్చేది రెప్పులు దొరకని కుర్రాళ్లకే అని నా అభిప్రాయం.

ఒకటి మాత్రం వీఆర్ ఇవ్వలేదు, ప్రాక్టీసూ ఇవ్వలేదు. దెబ్బ. ప్రాక్టీస్‌లో క్వార్టర్‌బ్యాక్‌లకి వేరే రంగు జెర్సీ వేస్తారు, వాళ్లని ఎవరూ పడగొట్టకూడదు. దెబ్బ తిని లేచి, తర్వాతి ప్లేలో మళ్లీ కళ్లు కిందికి దించకుండా విసరడం నిజం మ్యాచ్‌లోనే వస్తుంది.

అందుకే వన్‌సైడ్ అయిపోయిన మ్యాచ్‌లు బంగారం. జట్టు 35 పాయింట్ల ఆధిక్యంలో ఉంటే కోచ్ బ్యాకప్‌ని దింపుతాడు. చాలామంది కోచ్‌లు ఇక్కడే పిసినారితనం చూపిస్తారు. బంతి రన్నర్ చేతిలో పెట్టించి టైమ్ అవగొట్టేస్తారు. దానివల్ల కుర్రాడికి ఒరిగేదేమీ లేదు. పాస్ విసరనివ్వాలి, తప్పు చెయ్యనివ్వాలి.

ఒకే గదిలో ముగ్గురు

ఇది చేసి చూపించినవాడు అలబామా కోచ్ నిక్ సేబన్. 2017 సీజన్లో ఫస్ట్ క్వార్టర్‌బ్యాక్ జేలెన్ హర్ట్స్. ఓటమే అరుదు. హవాయి నుంచి వచ్చిన టూవా టాగోవైలోవా ఫస్టియర్ కుర్రాడు. మ్యాచ్ చేతికొచ్చేశాక టూవాని దింపి, నిజంగానే పాసులు వేయించాడు సేబన్. ఆ సీజన్ మొత్తంలో టూవా విసిరినవి 77 పాసులు. వాటిలో 24 ఒకే రోజున, ఒకే సగంలో, ఓవర్‌టైమ్‌లో. అది 2018 జనవరి 8, అట్లాంటాలో జాతీయ ఫైనల్.

హాఫ్‌టైమ్‌కి జార్జియా 13-0తో ముందుంది. సేబన్ హర్ట్స్‌ని కూర్చోబెట్టి టూవాని పంపాడు. ఓవర్‌టైమ్‌లో మొదటి ప్లేకే టూవా పట్టుబడి 16 గజాలు వెనక్కి పోయాడు. అయిపోయిందనుకున్నారు అందరూ. తర్వాతి ప్లేలోనే డివాంటా స్మిత్‌కి 41 గజాల పాస్. టచ్‌డౌన్. 26-23. స్మిత్ కూడా ఫస్టియరే.

ఆ కథ అందరికీ తెలిసిందే. నాకు దాని రెండో భాగం ఇంకా ఇష్టం. సీటు పోయిన హర్ట్స్ కాలేజీ మారతాడని అందరూ అనుకున్నారు. మారలేదు. ఏడాదంతా బ్యాకప్‌గా ఉన్నాడు. 2018 డిసెంబర్ 1న అదే స్టేడియం, అదే జార్జియా, ఈసారి దెబ్బతిన్నది టూవా. అలబామా 28-21తో వెనకబడి ఉండగా హర్ట్స్ దిగాడు. ఒక టచ్‌డౌన్ పాస్ విసిరాడు, ఇంకోటి తనే పరుగెత్తి చేశాడు. 35-28. ఆ తర్వాతే ఓక్లహోమాకి వెళ్లాడు, హైస్‌మన్ ఓటింగ్‌లో రెండో స్థానంలో నిలిచాడు. 2025 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియా ఈగిల్స్ తరఫున సూపర్ బౌల్ గెలిచి ఎంవీపీ అయ్యాడు.

వీళ్లిద్దరి వెనక గదిలో ఇంకొకడు ఉండేవాడు, మ్యాక్ జోన్స్. 2017లో వచ్చాడు. మొదటి ఏడాది ఆడలేదు. తర్వాత రెండేళ్లు ఎక్కువగా సైడ్‌లైన్ మీదే. 2019 నవంబర్‌లో టూవా తుంటి ఎముక దెబ్బతింటే ఛాన్స్ వచ్చింది. ఆబర్న్ మీద అతని రెండు పాసులు ప్రత్యర్థుల చేతిలో పడి నేరుగా టచ్‌డౌన్లయ్యాయి. 48-45తో ఓటమి. ఫోన్లో మీమ్స్ ఎలా వచ్చి ఉంటాయో మీరే ఊహించుకోండి. 2020లో అదే జోన్స్ 13కి 13 గెలిపించి చాంపియన్‌ని చేశాడు. ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో ఫస్ట్ రౌండ్లోనే వెళ్లిపోయాడు. ఆబర్న్ మ్యాచ్ లేకుండా ఆ 2020 వచ్చేదా? నాకు నమ్మకం లేదు.

మూడో నంబర్ వాడి గురించి చెప్పుకుంటే కార్డేల్ జోన్స్‌ని వదలకూడదు. ఒహాయో స్టేట్‌లో చేరిన కొత్తలో, ఫుట్‌బాల్ ఆడటానికొస్తే క్లాసులెందుకు అన్నట్టు ట్వీట్ పెట్టి దేశమంతా నవ్వులపాలయ్యాడు. 2014లో ఫస్ట్ క్వార్టర్‌బ్యాక్ ఆగస్టులోనే భుజం గాయంతో తప్పుకున్నాడు. రెండోవాడికి నవంబర్ చివర్లో చీలమండ విరిగింది. కార్డేల్ జీవితంలో మొదటి స్టార్ట్ కాన్ఫరెన్స్ ఫైనల్: విస్కాన్సిన్ మీద 59-0. రెండోది అలబామా మీద 42-35. మూడోది ఓరెగాన్ మీద జాతీయ ఫైనల్, 42-20. మూడంటే మూడే మ్యాచ్‌లు, చేతిలో టైటిల్. అన్నట్టు 2017లో డిగ్రీ కూడా పూర్తిచేశాడు.

ఆగడం ఎందుకు, అనే కాలం

కాలేజీలో ఐదేళ్లు ఉండి నాలుగు సీజన్లు ఆడొచ్చు. ఆడకుండా నేర్చుకునే ఆ ఒక్క ఏడాదినే ‘రెడ్‌షర్ట్’ అంటారు. 2018లో దీన్ని కొంచెం సడలించారు. నాలుగు మ్యాచ్‌ల దాకా ఆడినా ఆ ఏడాది లెక్కలోకి రాదు. కుర్రాళ్లకి మ్యాచ్ రుచి చూపించడానికి తెచ్చిన మంచి రూల్. కానీ దాన్ని మొదట వాడుకున్న పేరున్న ఆటగాళ్లలో ఒకడు ఎవరో తెలుసా? క్లెమ్సన్ వదిలి వెళ్లిన కెల్లీ బ్రయంట్. నాలుగు మ్యాచ్‌లయ్యాయి, ఐదోది ఆడితే ఏడాది పోతుంది. అందుకే ఆ వారమే వెళ్లిపోయాడు. వచ్చే ఏడాది మిస్సోరీలో ఆడాడు. కుర్రాళ్లని పెంచే తలుపే పెద్దవాళ్లు బయటికెళ్లే తలుపైంది.

అదే ఏడాది అక్టోబర్‌లో ‘ట్రాన్స్‌ఫర్ పోర్టల్’ వచ్చింది. కాలేజీ మారాలనుకునే ఆటగాడి పేరు ఒక ఆన్‌లైన్ లిస్టులో పడుతుంది, ఏ కోచ్ అయినా మాట్లాడొచ్చు. అప్పట్లో మారితే సాధారణంగా ఒక ఏడాది ఖాళీగా కూర్చోవాలి. 2021లో ఒకసారి మారితే కూర్చోనక్కర్లేదన్నారు. 2024కి ఎన్నిసార్లు మారినా ఫరవాలేదన్నారు. మధ్యలో 2021 జులై నుంచి ఆటగాళ్లు తమ పేరు, ఫొటో మీద డబ్బు సంపాదించుకోవచ్చు. 2025 నుంచి కాలేజీలే నేరుగా డబ్బు ఇవ్వొచ్చు.

ఇప్పుడు మీరు ఇరవై ఏళ్ల బ్యాకప్ అనుకోండి. ఇక్కడ ఇంకో రెండేళ్లు సైగలు చేస్తూ నిలబడాలి. అక్కడ ఇంకో కాలేజీ ఫస్ట్ ప్లేస్ ఇస్తానంటోంది, డబ్బూ ఇస్తానంటోంది. ఏం చేస్తారు?

వెళ్లినవాళ్లని తప్పుపట్టడం నాకు నచ్చదు. జో బరో ఒహాయో స్టేట్‌లో మూడేళ్లు ఆగాడు. ఆ మూడేళ్లలో విసిరింది 39 పాసులు. ఆగి ఆగి, డిగ్రీ చేతపట్టుకుని 2018లో ఎల్‌ఎస్‌యూకి వెళ్లాడు. 2019లో 60 టచ్‌డౌన్ పాసులు, 15-0, హైస్‌మన్, టైటిల్. 2020 డ్రాఫ్ట్‌లో మొదటి పేరు అతనిదే. వెళ్లకపోతే ఆ పేరు మనకి తెలిసేది కాదేమో. అయితే ఒకటి గమనించండి. అతను మూడేళ్లు నేర్చుకున్నాకే వెళ్లాడు. క్విన్ ఎవర్స్ అదే ఒహాయో స్టేట్‌లో 2021లో మ్యాచ్‌లో ఆడింది రెండంటే రెండు ప్లేలు, సీజన్ కాగానే టెక్సస్‌కి మారిపోయాడు.

అసలు లోపం క్యాలెండర్‌లో ఉంది. 2024 డిసెంబర్‌లో పెన్ స్టేట్ ప్లేఆఫ్‌కి సిద్ధమవుతోంది. సరిగ్గా అప్పుడే పోర్టల్ తెరిచారు, డిసెంబర్ 9 నుంచి 28 దాకా. జట్టుతో ఉంటే టైటిల్ కోసం ఆడొచ్చు, కానీ ఈలోగా వేరే కాలేజీల్లో సీట్లు నిండిపోతాయి. బ్యాకప్ బో ప్రిబులా, మొదటి ప్లేఆఫ్ మ్యాచ్‌కి వారం కూడా లేని టైమ్‌లో, పోర్టల్‌లోకి వెళ్లాడు. మిస్సోరీలో చేరాడు. అతని కోచ్ జేమ్స్ ఫ్రాంక్లిన్ కూడా కుర్రాడిని తప్పుపట్టలేదు, సిస్టమ్‌నే అన్నాడు.

తర్వాత ఏడాది అక్టోబర్ 11. నార్త్‌వెస్టర్న్‌తో మ్యాచ్‌లో పెన్ స్టేట్ ఫస్ట్ క్వార్టర్‌బ్యాక్ డ్రూ అలర్ గాయపడ్డాడు, సీజన్ ముగిసింది. రెండోవాడు ఈథన్ గ్రంకెమైయర్, మ్యాచ్ అనుభవం పెద్దగా లేని రెడ్‌షర్ట్ ఫ్రెష్‌మన్. ఆ మ్యాచ్ 22-21తో ఓడిపోయారు. వరసగా మూడో ఓటమి. మర్నాడే ఫ్రాంక్లిన్ ఉద్యోగం పోయింది. ప్రిబులా ఉండి ఉంటే ఆగేదని అనను, జట్టు అప్పటికే జారిపోతోంది. కానీ మూడేళ్లు పెంచిన బ్యాకప్ ఆ రోజు ఇంకో రాష్ట్రంలో ఉన్నాడు.

2026 నుంచి పోర్టల్‌కి ఒకే విండో, జనవరి 2 నుంచి 16 దాకా. కాస్త నయం. అయినా ప్లేఆఫ్ సెమీస్ ఆ మధ్యలోనే పడుతున్నాయి.

జార్జియా ఇంకా ఆగుతోంది

ఈ హడావుడిలోనూ పాత పద్ధతి పూర్తిగా చావలేదు. కార్సన్ బెక్ జార్జియాలో 2020లో చేరి, ఫస్ట్ ప్లేస్ కోసం 2023 దాకా ఆగాడు. అతని వెనక గన్నర్ స్టాక్టన్, అదే రాష్ట్రం కుర్రాడు, మూడో ఏడాది కూడా బెంచ్ మీదే. 2024 డిసెంబర్ 7న టెక్సస్‌తో కాన్ఫరెన్స్ ఫైనల్. ఫస్టాఫ్ ఆఖర్లో బెక్ మోచేతికి దెబ్బ తగిలింది. సెకండాఫ్ అంతా స్టాక్టన్‌దే. మ్యాచ్ ఓవర్‌టైమ్‌కి వెళ్లింది. బంతితో తనే పరుగెత్తిన స్టాక్టన్‌ని ఎంత గట్టిగా గుద్దారంటే హెల్మెట్ ఎగిరిపోయింది. రూల్ ప్రకారం ఒక ప్లే బయట ఉండాలి. దెబ్బతిన్న చేత్తోనే బెక్ మళ్లీ లోపలికొచ్చి, బంతిని రన్నర్ చేతిలో పెట్టాడు. టచ్‌డౌన్. 22-19. తర్వాతి మ్యాచ్‌లో స్టాక్టన్ నోట్రడామ్ మీద ఓడాడు. 2025లో ఫస్ట్ ప్లేస్ అతనిదే అయింది, కాన్ఫరెన్స్ టైటిల్ మళ్లీ గెలిచాడు.

టెక్సస్‌లో ఆర్చ్ మానింగ్‌దీ ఇదే దారి. బాబాయిలు పేటన్, ఈలై, ఇద్దరూ సూపర్ బౌల్ గెలిచినవాళ్లు. ఆ ఇంటిపేరుకి ఏ కాలేజీ అయినా ఎర్ర తివాచీ పరిచేది. అయినా క్విన్ ఎవర్స్ వెనక రెండేళ్లు ఉన్నాడు. ఎవర్స్ గాయపడితే 2024లో రెండు స్టార్టులు దొరికాయి, 2025లో సీటు దొరికింది. ఇంట్లో డబ్బుకి లోటు లేనివాడు ఆగడం తేలికే అంటారా? నిజమే. బ్రైస్ లాంటివాళ్ల లెక్క వేరు. అతను క్లెమ్సన్‌లో డిగ్రీ పూర్తిచేసి, లారెన్స్ ఉండగా సీటు రాదని తేలిపోయాక డ్యూక్‌కి, అక్కడి నుంచి అపలేచియన్ స్టేట్‌కి వెళ్లి ఫస్ట్ క్వార్టర్‌బ్యాక్‌గా ఆడాడు.

ఆస్టిన్‌లోనో కొలంబస్‌లోనో ఎంఎస్ చదువుతూ, శనివారం రూమ్మేట్స్‌తో స్టేడియంకి వెళ్లే మనవాళ్లు చాలామందే ఉన్నారు. స్కోరు 42-3 కాగానే పార్కింగ్ ట్రాఫిక్‌కి భయపడి లేచి వచ్చేస్తుంటారు. సెప్టెంబర్‌లో మాత్రం ఆ చివరి పదిహేను నిమిషాలు కూర్చోండి. మాసిపోని జెర్సీతో ఒక కుర్రాడు లోపలికొస్తాడు. కోచ్ అతనితో పాస్ విసిరిస్తున్నాడా, లేక బంతి రన్నర్‌కి ఇప్పించి టైమ్ అవగొడుతున్నాడా, అదొక్కటి చూడండి. నవంబర్‌లో ఆ జట్టు పరిస్థితి ఏంటో కొంత అక్కడే తెలిసిపోతుంది.